డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో సైన్యం – 4వ పాఠం: పది మంది దళాన్ని విడగొట్టండి

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అంటే మరుగుజ్జుల కోటను నడిపే కంప్యూటర్ ఆట. గత పాఠంలో బ్యారక్స్ జోన్ (సైనికులు శిక్షణ పొందే చోటు) గీశాం, మిలిషియా కమాండర్‌ను, అంటే సైన్యాధిపతిని, నియమించాం, దళంలో పది మందినీ నింపాం. మీ కోటలో ఈపాటికి ఒక సంవత్సరం, అంటే 28 రోజుల నెలలు పన్నెండు, గడిచి ఉంటుంది. ఆ దళంలో ఎవరినైనా ఒకరిని నొక్కి నైపుణ్యాల పట్టీ చూడండి. గొడ్డలి విద్య ఇంకా మొదటి మెట్ల దగ్గరే తచ్చాడుతూ ఉంటే మరుగుజ్జులను తిట్టకండి. వాళ్లు సోమరులు కారు. వాళ్ల కాలమంతా ఒకరి కోసం ఒకరు ఎదురుచూడడానికే సరిపోయింది.

బ్యారక్స్‌లో శిక్షణ మూడు రకాలుగా సాగుతుంది. ఎవరికి వారు చేసే కసరత్తు నత్తనడక; దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. రెండోది ప్రదర్శన: ఒకరు నేర్పుతారు, మిగతావాళ్లు చూస్తారు. మూడోది స్పారింగ్, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలిచి చేసే సాము.

చిక్కంతా ప్రదర్శనతోనే. అందులో పాల్గొనవలసిన వాళ్లందరూ వచ్చేదాకా అది మొదలు కాదు. ఒకడు మద్యం పీపా దగ్గర ఉంటాడు, ఇంకొకడు నిద్రపోతుంటాడు, మరొకడు భోజనశాల నుంచి బయలుదేరి మూడంతస్తుల మెట్లు దిగుతుంటాడు. ముహూర్తం దాటిపోతున్నా మేనమామ కోసం వెతుకుతున్న పెళ్లిపందిరిలా ఉంటుంది బ్యారక్స్. తీరా అందరూ చేరాక నేర్పేది ఒకే ఒక్క నైపుణ్యం. గురువు గొడ్డలి పాఠం చెబితే కత్తి పట్టినవాడికి ఆ పూట దండగే. అందుకే ఒక దళంలో అందరికీ ఒకే ఆయుధం ఇవ్వమంటాను. రంగురంగుల ఆయుధాలు చూడడానికి బాగుంటాయి, అంతే.

సాములో అలా కాదు. ఆయుధం, డాలు, కవచం, దెబ్బ తప్పుకోవడం, మొత్తంగా పోరాడే నేర్పు అన్నీ కలిసి పెరుగుతాయి. ఒక నైపుణ్యంలో మొదటి మెట్టుకు 500 పాయింట్లు కావాలి, రెండోదానికి 600, ఆపై మెట్టు మెట్టుకూ నూరు చొప్పున పెరుగుతాయి. పదిహేనో మెట్టు, అంటే లెజెండరీ, చేరేసరికి మొత్తం 18,000. ఇంత దూరం ప్రదర్శనల మీద నడవాలంటే, కోట మీదికి దండెత్తే గోబ్లిన్లు అనే శత్రువులు ఆగరు.

కనుక ఈ పాఠంలో చేయవలసిన పని ఇది: ఎదురుచూపులు తగ్గేలా పది మందిని నలుగురు, ముగ్గురు, ముగ్గురుగా విడగొట్టండి. కొత్త దళాలకు మిలిషియా కెప్టెన్లు, అంటే దళనాయకులు, కావాలి; ఉన్నవాళ్లలో కాస్త నైపుణ్యం ఉన్నవాళ్లను పెట్టండి. మూడు దళాలకూ ఒకే బ్యారక్స్ చాలు, కానీ అక్కడ శిక్షణ గుర్తును ప్రతి దళానికీ విడివిడిగా పెట్టాలి. చాలామంది ఇక్కడే మరిచిపోయి, సైనికులు ఖాళీగా తిరుగుతున్నారని వాపోతారు. బ్యారక్స్‌ను భోజనశాలకూ మద్యం నిల్వకూ దగ్గరగా జరపండి. నడక తగ్గితే సాము పెరుగుతుంది.

ఆయుధం ఇవ్వకుండా వదిలేస్తే వాళ్లు కుస్తీ నేర్చుకుంటూ కూర్చుంటారు. కవచం మాత్రం మొదటి రోజు నుంచే తొడిగించండి. ఇనుము లేకపోతే రాగి అయినా ఫరవాలేదు. సాములో ఒకరినొకరు చంపుకోవాలని చూడరు గానీ, ఒంటి మీద ఏమీ లేనివాడికి ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగులుతుంది. గనిపనివాళ్లనూ చెట్లు కొట్టేవాళ్లనూ వేటగాళ్లనూ దళంలోకి తీసుకోకండి. వాళ్ల పనిముట్లకూ సైనిక ఆయుధాలకూ మధ్య ఎడతెగని తగాదా. ఉన్న ఒక్క వైద్యుణ్ని తీసుకోవద్దని వేరే చెప్పాలా?

ఇక సమయపట్టిక. ఎడతెగని శిక్షణ పెట్టేస్తే పని అయిపోతుందని అనిపిస్తుంది. కానీ మరుగుజ్జులకూ దేవుడు, కుటుంబం, కబుర్లు ఉంటాయి. అవి తీరకపోతే మనసు చెదిరి చేసే పనిలోనే పట్టు తప్పుతుంది. నా పద్ధతి రెండు నెలలు శిక్షణ, ఒక నెల సెలవు. మూడు దళాలకూ సెలవు నెల వేరువేరుగా పడేలా చూస్తే కోట ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

మీటకు తగిలించిన చెక్క ఈటెలు నేల నుంచి పొడుచుకొచ్చే గదిలో సైనికులను నిలబెట్టే పాత చిట్కా ఒకటి ఉంది. నేను దాన్ని నేర్పను. పొరపాటున పిల్లలో పెంపుడు జంతువులో ఆ గదిలోకి వెళితే మిగిలేది శవపేటికల లెక్కే.

అభ్యాసం: విడగొట్టే ముందు ప్రతి సైనికుడి ఆయుధ నైపుణ్యం, డాలు, తప్పుకోవడం ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకోండి. రెండు ఋతువులు, అంటే ఆటలో ఆరు నెలలు, ఆడనిచ్చి మళ్లీ రాయండి. ఆయుధం పెరిగి డాలు కదలకపోతే సాము జరగడం లేదని అర్థం. ముందు అందరి చేతిలోనూ డాలు ఉందో లేదో చూడండి. తరువాతి పాఠం విల్లుకారులది. వాళ్లకు గురిపలక, అమ్ములపొది, బాణాలు కావాలి కాబట్టి ఈలోగా కసాయి కొట్టులో మిగిలే ఎముకలను పారేయకుండా దాచి ఉంచండి.