ఉల్లికాడలు, ఎండు రొయ్యల కూర: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

నలుగురికి కొలత: ఉల్లికాడలు 250 గ్రాములు, ఎండు రొయ్యలు 50 గ్రాములు, నూనె 3 చెంచాలు, తెల్లగడ్డ 6 రెబ్బలు, చిన్న ఉసిరికాయంత చింతపండు.

నోట్లో ఇసుక తగులుతోంది

కాడల్ని తిట్టుకునే ముందు రొయ్యల్ని చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరాల్లో ఇసుక మీద ఆరబోసిన రకమైతే ఇసుక వాటితోనే వస్తుంది. తల, తోక తుంచి, ఉత్త బాండలిలో సన్న సెగన 3 నిమిషాలు వేయించి, చేటలో చెరిగి, గోరువెచ్చని నీళ్లలో రెండు మూడుసార్లు కడగాలి. దోషం దేనిదో తేలాలంటే రెండూ వేరే గిన్నెల్లో కడిగి అడుగు తడిమితే సరి.

కాడలదైతే మట్టి తెల్ల భాగం పొరల మధ్య దాగి ఉంటుంది. వేళ్లు కోసి, ఆ భాగాన్ని నిలువునా చీల్చి నీళ్లలో జాడించండి. గిన్నె వంచి నీళ్లు పారబోయకండి, అడుగున దిగిన మట్టి మళ్లీ కాడలకే అంటుకుంటుంది. కాడల్నే చేత్తో పైకి తీయాలి.

కూర జిగురుగా, నీళ్లు నీళ్లుగా వచ్చింది

ఆకు గొట్టంలో సహజంగానే జిగురుంటుంది. కాడలు తడిగా ఉన్నా, ఉప్పు ముందే వేసినా, మూతపెట్టి మగ్గించినా అది నీళ్లతో కలిసి తేలుతుంది. కడిగాక గుడ్డ మీద ఆరబెట్టి, ఆ తర్వాతే తరగండి. వెడల్పు బాండలి, పెద్ద సెగ, మూత వద్దు. ఉప్పు చివర్లో, అదీ రుచి చూసి, రొయ్యల్లో ఉప్పు ఉండనే ఉంటుంది. ఇప్పటికే నీళ్లు ఊరిపోయి ఉంటే సెగ పెంచి ఇగరబెట్టండి. శనగపిండి చల్లితే కూర గట్టిపడుతుంది గానీ రొయ్యల రుచి చచ్చిపోతుంది.

ఆకు నల్లబడింది, తెల్ల భాగం ఉడకలేదు

రెండూ చింతపండు తొందరే. పులుపు ఆకుపచ్చ రంగును విరిచేస్తుంది, తెల్ల భాగాన్ని మెత్తబడనివ్వదు. తెల్లవి, తెల్లగడ్డ ముందు వేసి 5 నిమిషాలు, రొయ్యలు, కారం వేసి 2 నిమిషాలు, పచ్చ ఆకు వేసి మరో 3 నిమిషాలు వేయించాలి. ఆఖర్న చిక్కటి పులుసు పోసి, ఒక్క పొంగు రాగానే దించేయాలి. రంగు కోసం వంటసోడా వేస్తే ఆకు గుజ్జయిపోతుంది, విటమిన్ సి కూడా పోతుంది.

లీక్స్ (ఉల్లికాడల జాతిదే, కాడ లావుగా ఉంటుంది) దొరికితే ముదురు ఆకులు తీసేసి ఇలాగే వండొచ్చు. తెల్ల కాడకు ఇంకో 5 నిమిషాలు పడుతుంది.

తిన్నాక కడుపు ఉబ్బరం

తెల్ల భాగంలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు అరగకపోవడం వల్ల. అలాంటివారు పచ్చ ఆకు మాత్రమే వాడి, తెల్లగడ్డ మానాలి, ఫ్రక్టాన్లు దాంట్లోనూ ఎక్కువే. పోషకాల్లో నష్టమేమీ లేదు, విటమిన్ కె ఎక్కువగా ఉండేది ఆకులోనే. 100 గ్రాముల పచ్చి ఉల్లికాడల్లో అది సుమారు 200 మైక్రోగ్రాములు, లీక్స్‌లో 47. విటమిన్ కె వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది కాబట్టి, రక్తం పలుచబడటానికి ఆ మందు వేసుకునేవారు ఒక వారం కట్టలకొద్దీ తిని మరో వారం మానేయడం చేయకూడదు. ఎంత తినొచ్చో డాక్టరునడిగి, ఆ మోతాదుకే కట్టుబడాలి.