క్లయింట్ బరువులు పెరగట్లేదా? ప్రోగ్రామ్ మార్చే ముందు పదో రెప్ చూడండి

సమస్య ఇలా ఉంటుంది. క్లయింట్ వస్తున్నారు, చెమట పడుతోంది, మర్నాడు ఒళ్లు నొప్పులూ ఉంటున్నాయి. కానీ చెస్ట్ ప్రెస్‌లో రెండు నెలల కిందట ఎంత పెట్టారో ఇప్పుడూ అంతే. టేపు పెట్టి కొలిస్తే చేతులూ తొడలూ ఎక్కడివక్కడే. ఇలాంటప్పుడు చాలామంది ట్రైనర్లు కొత్త ప్రోగ్రామ్ రాసిస్తారు, లేదా ప్రొటీన్ డబ్బా కొనిపిస్తారు. ఆ రెండూ తర్వాత.

ముందు నోట్‌బుక్

పోయిన వారం ఈ క్లయింట్ లెగ్ ప్రెస్‌లో ఎంత బరువుతో ఎన్ని రెప్స్ (ఒక్కసారి ఎత్తి దించితే ఒక రెప్) చేశారో ఎక్కడైనా రాసి ఉందా? లేకపోతే పెరిగిందో లేదో చెప్పడానికి మీ దగ్గర ఆధారమే లేదు. ఇవాళ్టి నుంచి రాయండి, మూడు వారాల తర్వాత మాట్లాడదాం. దయచేసి ఇది దాటేసి ముందుకు వెళ్లకండి. హాజరు సంగతీ అందులోనే బయటపడుతుంది. వారానికి నాలుగు రోజులు అనుకున్నది పెళ్లిళ్లు, ప్రయాణాలు, నైట్ షిఫ్టులు పోగా రెండుకి దిగి ఉంటుంది. కారణం అదే అయితే ఆ రెండు రోజుల్లోనే ఒళ్లంతా పనిచేసేలా ప్లాన్ ఇచ్చేయండి, ఇంకేం వెతకక్కర్లేదు.

పదికి ఆగిపోయే సెట్

నోట్‌బుక్ బాగుంది, హాజరు బాగుంది, అయినా కదలిక లేదంటే నేను ముందుగా అనుమానించేది పదో రెప్‌నే. వర్కౌట్ కార్డులో మూడు సెట్లు (విడతలు), పదేసి రెప్స్ అని ఉంటుంది. మీరు లెక్కపెడతారు, పది అనగానే క్లయింట్ బరువు దించేస్తారు. ఇంకో ఐదారు చేయగల సత్తువ ఉండగానే సెట్ అయిపోతుంది. ఇది అంత తేలిగ్గా దొరకదు. ఫామ్ (చేసే తీరు) బాగుంటుంది, కార్డు నిండుతుంది, క్లయింట్ కూడా కష్టపడినట్టే కనిపిస్తారు.

బ్రెజిల్‌లో ఒక అధ్యయనం జరిగింది. బరువులెత్తే అలవాటున్న 160 మంది మగవాళ్లను "బెంచ్ ప్రెస్‌లో పది రెప్స్‌కి మామూలుగా ఎంత పెడతారు?" అని అడిగి, అదే బరువుతో ఎన్ని వస్తే అన్ని చేయమన్నారు. సగటున 16 వచ్చాయి. అనుభవం ఉన్నవాళ్ల సంగతే అది.

బరువు తేలికగా ఉండటం ఒక్కటే అయితే ఇబ్బంది లేదు. 2017లో కండల పెంపు మీద పరిశోధించే బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం పాత అధ్యయనాలను కలిపి చూస్తే, ఇక లేవదు అనేదాకా చేసినప్పుడు తేలిక బరువుతోనూ కండ దాదాపు సమానంగానే పెరిగింది. గరిష్ఠ బలం మాత్రం భారీ బరువులతోనే ఎక్కువగా పెరిగింది. తేలిక బరువు పెట్టి, పైగా ముందే ఆపేస్తే అదీ లేదు, ఇదీ లేదు.

తేల్చుకోవడానికి ఒక్క సెట్ చాలు. వార్మప్ అయ్యాక చెస్ట్ ప్రెస్ మెషిన్‌లోనో లాట్ పుల్‌డౌన్‌లోనో కార్డులో ఉన్న బరువే పెట్టండి. "సార్, ఫామ్ చెడకుండా ఎన్ని వస్తే అన్ని చేయండి, నేను ఆపమనను" అని చెప్పండి. లెక్క మనసులోనే పెట్టుకోండి. చెయ్యి అస్సలు వేయకండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మీద ఈ పరీక్ష వద్దు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ, చేరి నెల కూడా కానివాళ్లకీ వద్దు.

పద్నాలుగు దాటితే కారణం దొరికినట్టే. పదో పన్నెండో వస్తే బరువు సరిగ్గానే ఉంది, కింద చెప్పిన తిండి, నిద్ర సంగతి చూడండి. ఏడు దగ్గరే ఆగిపోతే, కార్డులోని పది మీ చేతితో కలిపి వచ్చిన పది. బార్ కింద రెండు వేళ్లు పెట్టి "ఇంకొక్కటి అన్నా" అంటూ లేపుతున్నంత కాలం క్లయింట్ ఎంత ఎత్తుతున్నారో మీకే తెలియదు. చెయ్యి తగలకపోయినా తేడా వస్తుంది. 2019లో బ్రిటన్ పరిశోధకులు స్పాటర్లను (బరువెత్తేవాళ్లకి సాయంగా పక్కన నిలబడేవాళ్లను) తెర వెనక దాచి చూశారు. వాళ్లు కళ్లెదుట నిలబడ్డప్పుడే బెంచ్ ప్రెస్‌లో రెప్స్ ఎక్కువ వచ్చాయి. అందుకని ప్రమాదం లేని మెషిన్ మీద పక్కకి జరిగి నిలబడండి.

ముఖం చూసి అంచనా వేయొద్దు. కొందరు ఆరో రెప్‌కే పళ్లు బిగిస్తారు, కొందరు చివరిదాకా మామూలుగా ఉంటారు. వేగం చూడండి. శక్తంతా పెట్టి తోస్తున్నా బరువు నెమ్మదిగా కదులుతుంటే హద్దు దగ్గరికి వచ్చినట్టు. పదోది రెండోదంత చురుగ్గా లేచిందంటే ఇంకా చాలా మిగిలి ఉంది. ఫోన్‌లో పక్కనుంచి వీడియో తీస్తే క్లయింట్‌కి కూడా చూపించొచ్చు.

ఇక సరిచేయడం. ప్రతి సెట్‌నీ పూర్తిగా అలిసిపోయేదాకా లాగించక్కర్లేదు, ఒకటి నుంచి మూడు రెప్స్ మిగిలేలా ఆపితే చాలు. సెట్ అవగానే "ఇంకా ఎన్ని వచ్చేవి?" అని అడిగి, ఆ అంకె పక్కన రాయండి. మొదట్లో ఆ అంచనా తప్పుతుంది, ముఖ్యంగా సెట్ తేలిగ్గా ఉన్నప్పుడు. హద్దుకి దగ్గరగా చేయడం అలవాటయ్యే కొద్దీ నిజానికి దగ్గరవుతుంది. కార్డులో పది కొట్టేసి 8 నుంచి 12 అని రాయండి. అన్ని సెట్లలో పన్నెండు వచ్చి, మిగిలినవి రెండో అంతకంటే తక్కువో అయితే మీ జిమ్‌లో ఉన్న అతి చిన్న ప్లేటు కలపండి. డంబెల్స్‌తో కాస్త జాగ్రత్త. 5 కిలోల నుంచి 7.5 కిలోలకు వెళ్లడమంటే ఒక్కసారే సగం పెంచడం. లాటరల్ రెయిజ్ (చేతులు పక్కలకి లేపడం) లాంటివాటికి ముందు పదిహేను రెప్స్ దాకా తీసుకెళ్లి, ఆ తర్వాత పెంచండి.

కొత్త బరువుతో మొదటి రోజు రెప్స్ ఎనిమిదికి పడిపోవచ్చు. ఆ మాట క్లయింట్‌కి ముందే చెప్పండి, లేకపోతే బలం తగ్గిపోయిందని కంగారు పడతారు.

పరీక్షలో అంతా సరిగ్గా ఉంటే

తిండి, నిద్ర చూడండి. 2018లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం కండ పెరగడానికి కిలో ఒంటి బరువుకి రోజుకి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉపయోగపడుతుంది. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు తినేవాళ్లు ఆ లెక్కకి చాలా దూరంలో ఉంటారు. పెరుగు, గుడ్లు, శనగలు, చికెన్‌తో ఎంత పూడుతుందో చూశాకే డబ్బా మాట ఎత్తండి. రాత్రి ఐదు గంటలే పడుకుంటుంటే ముందు దాన్ని సరిచేయాలి.

థైరాయిడ్, టెస్టోస్టెరాన్ లోపం లాంటివి దీనికి కారణం కావడం అరుదు. వాటికోసం టెస్టులు రాయించడం మన పని కాదు. కారణం లేకుండా బరువు తగ్గిపోతున్నా, మామూలు మెట్లెక్కినా ఆయాసం వస్తున్నా, వారాల తరబడి నీరసం వదలకపోయినా వర్కౌట్ ఆపించి డాక్టర్ దగ్గరికి పంపండి.