మానేసి మళ్లీ జిమ్‌కు వెళ్తున్నారా? పాత బరువు ముట్టకండి

ట్రెడ్‌మిల్ మీద కుప్పకూలిన మనిషి వీడియో మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. జిమ్ ప్రాణాలు తీస్తుందని కొందరు, బరువులు మానేసి నడక పట్టుకోమని ఇంకొందరు. గుండెకు రెండూ కావాలి. నడక, పరుగు లాంటి కార్డియో చేసేవాళ్ల గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపుతుంది. బరువులు ఎత్తేవాళ్లకు కండ పెరిగి షుగర్ అదుపులో ఉంటుంది, పోనుపోను బీపీ కూడా కాస్త దిగుతుంది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు కార్డియో, రెండు రోజులు కండరాల వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

నేను పదే పదే చూసే తప్పు వేరే ఉంది: మానేసిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టడం. రెండు నెలలు కనబడని మనిషి వచ్చీ రాగానే పాత ప్లేట్లే ఎక్కిస్తాడు. బార్ లేస్తుంది కూడా. మోసమంతా అక్కడే. కండబలం అంత తొందరగా పోదు. దమ్ము రెండు మూడు వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. చేతులు సై అంటాయి, గుండె అందుకోలేదు. అప్పటికే రక్తనాళంలో కొవ్వు పేరుకుని ఉంటే, అలవాటు తప్పిన ఒంటి మీద ఒక్కసారిగా పడిన శ్రమకు ఆ పొర చిట్లి రక్తం గడ్డకట్టొచ్చు. సగం బరువుతో మొదలుపెట్టండి. పరుగు బదులు నడవండి. పాత లెక్కకు చేరడానికి వారాలు పట్టనివ్వండి.

ఊపిరి బిగబట్టి ఎత్తకండి. లెగ్‌ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టడం) చేస్తున్న బాడీబిల్డర్ల ధమనిలో నేరుగా కొలిస్తే బీపీ సగటున 320/250 కి చేరింది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి.

- బీపీ 180/110 దాటిన రోజు బరువులు వద్దు.
- వైరల్ జ్వరంలో జిమ్ వద్దే వద్దు. గుండె కండరం వాచే ప్రమాదం ఉంది.
- ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే ముందు డాక్టర్‌ను కలవండి, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) గురించి అడగండి.
- బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవాళ్లు వాచీలో కనబడే గుండె వేగం అంకెను నమ్మొద్దు. ఆయాసంతో మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి.
- ట్రెడ్‌మిల్ టక్కున ఆపి దిగొద్దు.
- మళ్లీ చెబుతున్నా, గ్యాప్ తర్వాత పాత బరువు వద్దు. ట్రైనర్ చెప్పినా వద్దు.
- ఛాతీలో బిగువు, దవడ లాగడం, చల్లని చెమట: ఆపేయండి. గ్యాస్ అని తేల్చడానికి మీరెవరు? అంబులెన్స్ పిలవండి. సొంతంగా బండి నడపొద్దు.
- పక్కవాడు పడిపోయి ఊపిరి ఆడకపోతే నీళ్లు చల్లుతూ కూర్చోవద్దు. ఒకరు ఫోన్ చేయండి, ఇంకొకరు ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 సార్లు గట్టిగా నొక్కండి. ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ఉంటే వెంటనే తెప్పించండి. వీడియో తీసేవాణ్ని అవతలికి పంపండి.