ఫోన్‌తో గదిలో సోఫా పెట్టి చూడటం ఎలా?

కొనబోయే సోఫా గదిలో పడుతుందో లేదో ముందుగానే చూసుకోవడానికి ఆగ్మెంటెడ్ రియాలిటీ (కెమెరాలో కనిపించే నిజమైన దృశ్యంపై వస్తువుల బొమ్మలను కలిపి చూపే సాంకేతికత) బాగా పనికివస్తుంది. ఐఫోన్లలో ఇలాంటి యాప్‌ల తయారీకి ఆపిల్ ఏఆర్‌కిట్ అనే సాధనాన్ని తెచ్చిన 2017లోనే ఫర్నిచర్ సంస్థ ఐకియా ఇందుకోసం ఒక యాప్‌ను విడుదల చేసింది; ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏఆర్‌కిట్ చేసే పనిని గూగుల్ ఏఆర్‌కోర్ చేస్తుంది.

మొదట లైట్లన్నీ వేసి, యాప్‌కు కెమెరా అనుమతి ఇచ్చి, ఫోన్‌ను నేలవైపు వంచి నెమ్మదిగా కదిలించాలి. నిలబడిన చోటే ఫోన్‌ను తిప్పితే చాలదు, రెండడుగులు పక్కకు నడవాలి. ఎందుకంటే టైల్స్ అంచులు, మచ్చలు వంటి గుర్తులను కెమెరాతో పట్టుకొని, మీరు కదిలినప్పుడు అవి తెరపై ఎంత జరిగాయో చూసి, కదలిక సెన్సార్ల లెక్కను దానికి జోడించి, ఫోన్ దూరాన్ని అంచనా వేస్తుంది. అందుకే అద్దంలా మెరిసే గ్రానైట్ నేల, గీత కూడా లేని తెల్లగోడ దానికి కొరుకుడుపడవు. అలాంటి చోట గళ్ల దుప్పటి పరిస్తే పని సులువవుతుంది.

నేలను గుర్తించాక సోఫాను ఎంచుకొని, వేలితో జరుపుతూ, అన్ని వైపుల నుంచీ నడిచి చూడండి. యాప్‌లో పరిమాణం మార్చే వీలుంటే దాన్ని అసలు కొలత వద్దే ఉంచాలి. అయినా కొన్ని సెంటీమీటర్ల తేడా రావచ్చు కాబట్టి, ఇరుకు చోట్లను టేపుతో కొలవడమే మేలు. గుమ్మాన్ని మాత్రం తప్పక కొలవండి. సోఫా లోపలికి వస్తుందో రాదో ఈ బొమ్మ చెప్పదు.

నడిచేవారికి కెమెరా తెరపై దారి చూపే గూగుల్ మ్యాప్స్‌లోని లైవ్ వ్యూ కూడా ఇలాంటిదే, కాకపోతే అది చుట్టూ ఉన్న భవనాలను స్ట్రీట్ వ్యూ చిత్రాలతో (గూగుల్ సేకరించిన వీధుల ఫోటోలతో) పోల్చి, వీధిపై బాణం గుర్తులు చూపిస్తుంది.