కేపు కట్టినవాడల్లా పిల్లల హీరో కాదు: కామిక్స్ అరను వయసుల వారీగా సర్దడం

పాత కామిక్స్ విడిగా రావు, కట్టలుగా వస్తాయి. కర్నూలుకైతే హైదరాబాదు ఆబిడ్స్ ఆదివారం బజారు, అనంతపురానికైతే బెంగళూరు అవెన్యూ రోడ్డు దగ్గర దారి. పురికొసతో కట్ట కట్టినవాడు పుస్తకం సైజు చూస్తాడు గానీ లోపల ఏముందో చూడడు. అందుకే ఎనిమిదేళ్ల పిల్లవాడు చదవదగ్గ స్పైడర్‌మాన్ కిందే, పెద్దవాళ్లు కూడా నలుగురిలో తెరవడానికి మొహమాటపడే బ్యాట్‌మాన్ ఉంటుంది. రెండు అట్టల మీదా అదే ముసుగు, అవే కండలు. బడి గ్రంథాలయమైనా, వీధిలో నడిపే చదువుగది అయినా, ముగ్గురు పిల్లలున్న ఇల్లైనా ఈ కట్ట విప్పి ఏది ఎవరిదో తేల్చే పద్ధతి ఇది.

సూపర్‌హీరో కథల్లో పెద్దల సరుకు ఉండొచ్చా కూడదా అనే తగువు తెగేది కాదు, అర సర్దేవాళ్లకు దాంతో పనీ లేదు. తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. రాముడూ హనుమంతుడూ తెర దిగగానే జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి ఆడే మాటలు పసిపిల్లల కోసం కాదు. కాకపోతే అక్కడ పక్కనే అవ్వా తాతా కూర్చుని ఉంటారు. కామిక్స్‌ను పిల్లవాడు ఒక్కడే, మిద్దె మీదికి పోయి చదువుతాడు. పెద్దల కోసం రాయడం తప్పని మేము అనం. పెద్దల కథకు పిల్లల అట్ట వేసి, గుర్తు పెట్టకుండా వదిలితే మాత్రం తప్పే. సినిమాకు సెన్సారు బోర్డు ఉంది, పుస్తకానికి మన దేశంలో అలాంటి బోర్డు లేదు. 1956లో పార్లమెంటు పిల్లలకు హాని చేసే ప్రచురణల మీద చట్టం చేసింది. బొమ్మల కథల్లో నేరాన్ని, క్రూరత్వాన్ని, జుగుప్సను చూపడం గురించే అది మాట్లాడుతుంది. అయినా ఏ పుస్తకం ఏ వయసుకో అట్ట మీద ముద్ర వేసే ఏర్పాటు అందులో లేదు. ఆ పని మనదే.

మొదట కావలసినవి

నాలుగు రంగుల గుండ్రటి స్టిక్కర్లు, పొడవాటి రిజిస్టరు ఒకటి, పెన్సిలు, కామిక్స్ సైజు పాలిథీన్ కవర్లు, తాళం పడే బీరువా ఒకటి. మనుషులు కనీసం ఇద్దరు: ఒకరు సూపర్‌హీరోలు బాగా చదివినవారు, ఇంకొకరు అసలు చదవనివారు. చదివినవారికి కథ తెలుసు, కానీ కళ్లు అలవాటు పడిపోయి ఉంటాయి. తెగిన చెయ్యి కనిపించినా పేజీ తిప్పేస్తారు. చదవనివారు అక్కడ ఆగుతారు. ఆగిన చోటే మనకు కావాలి.

సమయం లెక్క వేసుకోండి. విడి సంచికలో కథ 20-22 పేజీలు. ఆరు సంచికలు కలిపిన సంపుటమైతే 130 పేజీలు దాటుతుంది. సగటున పుస్తకానికి 20 నిమిషాలు, వంద పుస్తకాలను ఇద్దరిద్దరు చూడాలంటే 67 గంటలు. నలుగురు ఆదివారానికి రెండేసి గంటలు కూర్చుంటే తొమ్మిది వారాలు. సంక్రాంతి తర్వాత మొదలుపెడితే వేసవి సెలవులకు గది సిద్ధం. చూడటం పగలే పెట్టుకోండి. నలుపు, ఊదా రంగుల పేజీల్లో ఉన్నది ట్యూబులైటు కింద సగం కనిపించదు.

వెనకట్ట చదవడం

బార్‌కోడు పక్కన చిన్న అక్షరాల్లో ప్రచురణకర్త వేసిన గుర్తు ఉంటుంది. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఒకే అక్షరానికి స్పైడర్‌మాన్ వేసే మార్వెల్‌లో ఒక వయసు, బ్యాట్‌మాన్ వేసే డీసీలో ఇంకొక వయసు. మార్వెల్ 'టి' అంటే దాదాపు 9 ఏళ్లు దాటినవారికి, డీసీ 'టి' అంటే 12 దాటినవారికి. 'టి ప్లస్' మార్వెల్‌లో 13, డీసీలో 15. డీసీ 'ఇ' అందరికీ, 'ఎమ్' 17 దాటినవారికి. మార్వెల్‌లో 'పేరెంటల్ అడ్వైజరీ' అని ఉంటే 15 దాటాలి, 'మ్యాక్స్' అని ఉంటే 18. కొన్నేళ్లపాటు మార్వెల్ 9 దాటినవారి పుస్తకాల మీద 'ఎ' అనే అక్షరం వేసింది. మన సినిమా పోస్టరు మీది 'ఎ' అనుకుని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే పిల్లలకు మంచి పుస్తకం పోయినట్టే.

అట్ట మీద తపాలా బిళ్ల ఆకారంలో ముద్ర ఉంటే అది కామిక్స్ కోడ్. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం విచారణల తర్వాత ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న కట్టుబాటు అది. మార్వెల్ 2001లో దాన్నుంచి బయటికి వచ్చింది, డీసీ 2011లో. ముద్ర ఉన్న పుస్తకం చాలావరకు 7+ లోనో 13+ లోనో కుదురుతుంది. ముద్ర లేనంత మాత్రాన చెడ్డదని కాదు. 1971లో మత్తుమందుల వల్ల వచ్చే చేటు చూపించే మూడు స్పైడర్‌మాన్ సంచికలకు కోడ్ ఒప్పుకోలేదు. అలాంటి కథ రాయమని అడిగింది అమెరికా ప్రభుత్వ శాఖే. మార్వెల్ ముద్ర లేకుండానే అచ్చువేసింది, అదే ఏడాది కోడ్‌ను సడలించారు. విషయం కన్నా దాన్ని చూపిన తీరు చూడాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

'డీసీ బ్లాక్ లేబుల్' అని ఉంటే 17 దాటినవారికి. 'వెర్టిగో' అని ఉన్నవీ (ఇదీ డీసీ శాఖే) దాదాపు అంతే. ఏ గుర్తూ లేని పాత పుస్తకమైతే కింద చెప్పినట్టు పేజీలు తిప్పాల్సిందే.

మన అరల మీద కొత్త అక్షరాలు కనిపెట్టకండి. ఓటీటీలో 7+, 13+, 16+ అని పడటం తల్లిదండ్రులు రోజూ చూస్తున్నదే, అవే వాడండి. పచ్చ 7+, పసుపు 13+, నారింజ 16+, ఎరుపు 18+. డీసీ 'టి' పసుపు అరకు, డీసీ 'టి ప్లస్', మార్వెల్ 'పేరెంటల్ అడ్వైజరీ' నారింజకు, 'ఎమ్', 'మ్యాక్స్', బ్లాక్ లేబుల్ బీరువాకు.

పేజీలు తిప్పడం

మొదటి నుంచి చివరి దాకా చదవనక్కర్లేదు, ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు. ప్రతి సంచిక చివరి మూడు పేజీలు చూడండి. వచ్చే నెల కొనిపించడానికి పెట్టే దిగ్భ్రాంతి అక్కడే ఉంటుంది. సంపుటంలో అలాంటి చివర్లు ఆరు. తర్వాత మాటలు లేని పేజీలు. రచయిత నోరు మూసుకుని చిత్రకారుడికి వదిలేశాడంటే అది పోరాటమో, చావో, పడకగదో. ఆ తర్వాత ఒకే బొమ్మతో నిండిన పేజీలు. మాటల బుడగల్లో చుక్కలు, నక్షత్రాలు, పిచ్చిగీతలు ఉంటే బూతును దాచారని అర్థం, అది 13+ దాకా ఫరవాలేదు. దాచకుండా రాస్తే పైకి వెళ్లాలి. మ్యాక్స్ ముద్రతో 2001లో వచ్చిన మొదటి వరుస (సంచికలుగా సాగే కథ) తీస్తే, దాని మొదటి సంచికలో మొదటి మాటే బూతు.

చాలామంది వదిలేసేది సంపుటం చివరి పేజీలను. అక్కడ వేరువేరు చిత్రకారులు వేసిన అదనపు అట్టబొమ్మలు ఉంటాయి. కథ నికార్సుగా ఉన్నా ఆ బొమ్మల్లో ఆడపాత్రల ఒంటి మీద గుడ్డ పలచబడుతుంది. కథకు పచ్చచుక్క పడి, చివరి నాలుగు పేజీల వల్ల గొడవ వచ్చే పుస్తకాలు ఇవే.

రిజిస్టరులో ఐదు గడులు గీయండి: నెత్తురు, ఒళ్లు, మాట, మత్తు, దిగులు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. నెత్తురులో ఒకటంటే గుద్దులాట, రెండంటే నెత్తురు కనిపించడం, మూడంటే తెగిన అవయవాలు, హింసను తీరిగ్గా చూపించడం. ఒళ్లులో ఒకటంటే బిగుతు దుస్తులు (సూపర్‌హీరోల్లో ఇది తప్పదు), రెండంటే ముద్దులూ పడక సూచనలూ, మూడంటే నగ్నత్వం, బలాత్కారం. మాట, మత్తు కూడా ఇదే తూకంలో. దిగులు అంటే ఆత్మహత్య, చిత్రహింస, ఆశ అన్నది లేని ముగింపు. పెద్దవాళ్లు తరచూ మరిచిపోయే గడి ఇది, పదేళ్ల పిల్లవాడికి రాత్రి నిద్రలో గుర్తొచ్చేది నెత్తురు కన్నా ఇదే.

మార్కులు కూడకండి. అన్నింటా ఒకటి వచ్చిన పుస్తకానికి మొత్తం ఐదు, ఒక్క నెత్తురులోనే మూడు వచ్చినదానికి మొత్తం మూడు. కూడితే రెండోదే పసిపిల్లలదని తేలుతుంది. అన్నిటికన్నా పెద్ద అంకె ఏదో చూడండి. ఒకటి దాటకపోతే పచ్చ. ఒక్క రెండు ఉంటే పసుపు. రెండు గడుల్లోనో అంతకన్నా ఎక్కువ గడుల్లోనో రెండు వస్తే నారింజ. ఎక్కడైనా మూడు కనిపిస్తే ఎరుపు. ఆత్మహత్య కథ మధ్యలో ఉంటే మిగతా అంకెలు ఎంత తక్కువైనా నారింజ కన్నా కిందికి దించకండి. ప్రచురణకర్త గుర్తు, మన అంకె వేరైతే రెండిట్లో పై వయసే లెక్క. చూసిన ఇద్దరికీ కుదరకపోతే పై అరలో నెల రోజులు ఉంచి మూడో మనిషికి ఇవ్వండి.

ఏ పేజీ వల్ల ఆ అంకె వేశారో రాయాలి. కామిక్స్‌లో చాలావాటికి పేజీ నంబర్లు ఉండవు, కాబట్టి సంచిక నంబరు, ఆ సన్నివేశంలో ఒక్క ముక్క రాసుకోండి: '7వ సంచిక, హీరోల గుంపును చంపడం' అన్నట్టు.

ఎక్కడ దెబ్బతింటారు

మొదటి సంపుటం చూసి వరుస మొత్తానికి చుక్క అంటించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పైన రాసిన 7వ సంచిక 'ఇన్విన్సిబుల్' అనే వరుసలోది. 2003లో మొదలైన ఆ కథ రంగులూ గీతలూ శుభ్రంగా, పిల్లల కార్టూనులా ఉంటాయి. మొదటి సంపుటంలో నాలుగు సంచికలు, తొమ్మిదేళ్లవాడికి ఇచ్చినా ఫరవాలేదనిపిస్తుంది. రెండో సంపుటంలో ఆ నరుకుడు. మొదటిది పచ్చ అరలో పెడితే పిల్లవాడు రెండోదాని కోసం రెండు రోజుల్లో వస్తాడు. కాబట్టి వరుసలో అత్యంత కఠినమైన సంపుటం ఏదో, వరుస మొత్తం అక్కడే.

రెండోది హీరో పేరును నమ్మడం. బ్యాట్‌మాన్ పేరుతో బొమ్మల పుస్తకం ఉంది, 1988 నాటి 'కిల్లింగ్ జోక్' ఉంది. రెండోది యాభై పేజీలు కూడా లేని పలచటి పుస్తకం, సన్నగా ఉందని పిల్లల దొంతరలో పడిపోతుంది. లోపల ఒక అమ్మాయిని తుపాకీతో కాల్చడం, ఆమె తండ్రిని హింసించడం ఉన్నాయి. 1986-87లో వచ్చిన 'వాచ్‌మెన్' కూడా సూపర్‌హీరోల కథే, కానీ పుట్టుకతోనే పెద్దలది.

మూడోది ముద్రణల తేడా. 2018 సెప్టెంబరులో బ్లాక్ లేబుల్ మొదటి పుస్తకంలో బ్యాట్‌మాన్ నగ్నంగా ఉన్న బొమ్మ ఒకటి పెద్ద దుమారం రేపింది. డిజిటల్ ప్రతిలోనూ తర్వాతి సంకలనంలోనూ దాన్ని చీకటితో కప్పేశారు. పేరు ఒకటే అయినా చేతిలో ఉన్న ప్రతినే చూడాలి.

ఇక కొందరు నల్ల మార్కరుతో బొమ్మలు దిద్దుతారు, పేజీ చించేస్తారు. వద్దు. మార్కరు సిరా అవతలి పేజీకి దిగి అక్కడి కథా పోతుంది; పైగా నల్లగా దిద్దిన చోటే పిల్లలు లైటుకు పట్టి చూస్తారు. పుస్తకం నచ్చకపోతే పై అరకు పంపండి, కొయ్యకండి.

అరలు, ఎండలు

స్టిక్కరు పుస్తకం మీద వద్దు, కవరు మీద అంటించండి. మన ఏప్రిల్, మే ఎండకు జిగురు మెత్తబడి చుక్క జారిపోతుంది, అట్ట మీద జిడ్డు మరక మిగులుతుంది. చుక్క మీదుగా పారదర్శక టేపు వేస్తే నిలుస్తుంది. పచ్చ, పసుపు అరలు పిల్లల చేతికందేలా, నారింజ అర పుస్తకాలిచ్చేవారి బల్ల పక్కన. ఎరుపు పుస్తకాలను 'ఎత్తులో పెట్టాం' అనుకోవడం పనికిరాదు, కుర్చీ వేసుకుంటే ఎత్తు ఎంత? బీరువాలో పెట్టి, తలుపు మీద పుస్తకాల పేర్ల పట్టిక అంటించండి. దాచినట్టు కాకుండా, అడిగితే వయసు చూసి ఇచ్చేదన్నట్టు ఉండాలి.

అడగడానికి వచ్చేవాళ్లకు జవాబు ముందే అనుకుని ఉంచుకోండి. 'ఏంది సార్ ఇది, పిల్లోళ్ల బొమ్మల బుక్కులో ఈ నెత్తురేంది?' అని ఎవరైనా పుస్తకం పట్టుకొస్తే వాదనకు దిగకుండా రిజిస్టరు తెరిచి చూపించండి: 'ఇది పిల్లోళ్లది కాదు న్నా, ఎర్రచుక్కది. వేమన పద్యాలన్నీ ఐదో తరగతి వాచకంలో పెట్టరు గదా, ఇదీ అంతే.' పచ్చ అరలోదే అయితే మాత్రం తప్పు మనది. అక్కడికక్కడే పుస్తకం తీసి, మళ్లీ ఇద్దరితో చూపించి, వారంలో ఏమైందో ఆయనకు చెప్పాలి. సభ్యత్వ కార్డు మీద పుట్టిన తేదీ తప్పకుండా రాయించుకోండి. 13 నిండిన పిల్ల పసుపు అర ముందు నిలబడి 'నాకు పదమూడు అయిపోయినాయి' అంటే, కార్డు చూసి ఇచ్చేయడమే.