పిల్లలకు ఇంగ్లీషు మాటల అర్థాలు – 4వ పాఠం: మళ్లీ బారో, లెండ్

పిల్లలకు తెలిసేలా తేలిక ఇంగ్లీషులో అర్థం రాయమని పోయినసారి మీకు ఇచ్చిన నాలుగు మాటల్లో షేడ్, షాడో రెండింటికీ ‘నీడ’ అనీ, బారో, లెండ్ రెండింటికీ ‘అప్పు’ అనీ రాసినవాళ్లే ఎక్కువ. కాబట్టి ఇవాళ్టికి అనుకున్న కొలతల మాటలు వచ్చే పాఠానికి వాయిదా. ఇవాళ వీటి సంగతే తేలుద్దాం.

షేడ్, షాడోలకు ఒక్క ప్రశ్న చాలు: దానికి ఆకారం ఉందా? ఉంటే షాడో. ఎండ తగలని చోటయితే షేడ్.

బారో, లెండ్ అంత తేలిగ్గా విడిపోవు. కొందరు నిఘంటువు చూసి ‘టు గ్రాంట్ టెంపరరీ యూజ్’ అని దించేశారు. లెండ్ తెలియని పిల్లకు గ్రాంట్ తెలుస్తుందా? ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం మైకేల్ వెస్ట్ అనే టీచరు 1935లో తెచ్చిన నిఘంటువులో దాదాపు 24 వేల మాటలకూ పదబంధాలకూ అర్థాలు చెప్పడానికి వాడినవి 1,490 మాటలే. మనకు టేక్, గివ్, గెట్, బ్యాక్ సరిపోతాయి:

ఇఫ్ యు బారో ఎ థింగ్, యు టేక్ ఇట్ నౌ అండ్ గివ్ ఇట్ బ్యాక్ లేటర్.
ఇఫ్ యు లెండ్ ఎ థింగ్, యు గివ్ ఇట్ నౌ అండ్ గెట్ ఇట్ బ్యాక్ లేటర్.

‘టు’తో మొదలయ్యే అర్థాలు నాకు గిట్టవు. పని చేసేదెవరో వాటిలో కనబడదు, ఇక్కడ తికమకంతా అక్కడే. ‘రవి బారోడ్ ఎ పెన్ ఫ్రమ్ లత’, ‘లత లెంట్ ఎ పెన్ టు రవి’: జరిగింది ఒక్కటే. తీసుకున్నవాడితో వాక్యం మొదలైతే బారో, ఇచ్చినావిడతో మొదలైతే లెండ్. లెండెడ్ అనే మాట లేదు.

ఇక ‘బారో మి యువర్ పెన్’. దయచేసి దీన్ని మానిపించండి. బారో పక్కన మనిషి రాడు, వస్తువే వస్తుంది. ‘కెన్ యు’ అని అడిగితే లెండ్, ‘కెన్ ఐ’ అని అడిగితే బారో. ‘కెన్ యు లెండ్ మి యువర్ పెన్?’ ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’ ఈ రెండూ బట్టీ పట్టించినా నేనేమీ అనను. ‘కెన్ ఐ లెండ్ యువర్ పెన్?’ అంటే పెన్ను ఎటు పోతున్నట్టు?

పక్కింటి నుంచి గ్లాసుడు చక్కెర తెచ్చినా బారోయే. అయితే ఆ చక్కెరే తిరిగివ్వం, అంత చక్కెర ఇస్తాం. డబ్బూ అంతే. అందుకని అర్థంలో ‘ద సేమ్ థింగ్’ అని రాయకండి. అద్దె సైకిలు బారో కాదు, డబ్బు కడతాం కదా. ‘అరువు రేపు’ బోర్డున్న కొట్లో అరువూ బారో కాదు. పప్పు వెనక్కివ్వం, డబ్బే తర్వాత ఇస్తాం: బయ్ నౌ, పే లేటర్. పక్కింటివాళ్ల బాత్రూమ్ వాడుకోవాలంటే బారో కాదు, యూజ్ అనాలి.

అభ్యాసం: స్టీల్, రెంట్, కీప్, రిటర్న్, షేర్. ఒక్కోదానికి 12 మాటలు దాటకుండా రాయండి. బారో, లెండ్ వాడకూడదు. అసలు మాట దగ్గర ‘డ్యాష్’ అంటూ పిల్లలకు చదివి, మాటేదో చెప్పమనండి. వేరే మాట చెప్పారంటే మీ వాక్యం దానికీ సరిపోతోందన్నమాట. ఏ ముక్క చేరిస్తే అది తప్పుకుంటుందో చూసి తిరగరాయండి. ‘ఆస్క్’ లేకుండా స్టీల్ తేలదు.