యోమ్ కిప్పూర్ ఉపవాసానికి ముందు జాగ్రత్తలు

యూదుల ఈ ప్రాయశ్చిత్త దినాన దాదాపు 25 గంటలు తిండి ఉండదు, మంచినీళ్లూ ఉండవు.

- కాఫీ అలవాటుంటే నాలుగైదు రోజుల ముందు నుంచే తగ్గించండి. ఉన్నట్టుండి మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది.
- ముందురోజంతా నీళ్లు కొద్దికొద్దిగా తాగుతుండండి. సూర్యాస్తమయానికి ముందు చేసే భోజనంలో ఉప్పు, కారం, వేపుళ్లు వద్దు.
- తోలు చెప్పులు వేసుకోకూడదు, గుడ్డ బూట్లు తీసిపెట్టుకోండి.
- షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌నీ, యూదు మతగురువైన రబ్బైనీ ముందే అడగాలి. ప్రాణం మీదికొస్తే తినడమే యూదు ధర్మం. దయచేసి మొండికెయ్యకండి.
- అన్నిటికన్నా ముఖ్యం, ఎవరినైనా నొప్పించి ఉంటే ఉపవాసం మొదలయ్యే సాయంత్రం చేసే కోల్ నిద్రే ప్రార్థనకు ముందే వెళ్లి క్షమించమని అడగండి. సాటి మనిషికి చేసిన తప్పు, ఆ మనిషిని సమాధానపరచకుండా ఈ రోజుతో పోదని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నా చెబుతోంది.
- ఇజ్రాయెల్‌లో ఉంటే మందులు ముందే తెచ్చుకోండి. ఆ రోజు బస్సులు, రైళ్లు నడవవు.